సొంత పాటలకు బ్లాక్‌చెయిన్: ఏ దారి ఎవరికి సరిపోతుంది

పోయిన వర్షాకాలంలో మా చిన్న స్టూడియోకి ఒక జానపద గాయని వచ్చింది. మిక్సింగ్ అయిపోయి హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టాక, ఫోన్ నా ముందుకు జరిపి "అన్నా, ఇది నిజమేనా?" అని అడిగింది. ఇన్‌స్టాగ్రామ్‌లో విదేశీ పేరుతో ఒక మెసేజ్. మీ పాట చాలా నచ్చింది, ఎన్‌ఎఫ్‌టీగా పెడితే 2 ఈథర్లు ఇచ్చి కొంటాను అని. (ఎన్‌ఎఫ్‌టీ అంటే బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి పద్దులో నమోదయ్యే కాపీ, ఈథర్ అంటే ఈథీరియం అనే బ్లాక్‌చెయిన్‌లో నడిచే డబ్బు.) దాని కింద ఒక లింకు. ఆ సైట్‌లో పాట పెట్టాలంటే ముందుగా గ్యాస్ ఫీజు పేరుతో 14 వేలు కట్టమంటున్నారు. ఆమె అప్పటికే తమ్ముడి దగ్గర డబ్బు సర్దుకుని ఉంది.

అది పక్కా మోసం. గ్యాస్ ఫీజు అంటే నెట్‌వర్క్‌కు కట్టే చార్జీ. అది మన వాలెట్ (క్రిప్టో దాచుకునే ఖాతా) నుంచే, లావాదేవీ జరిగిన క్షణంలోనే కట్ అవుతుంది. ఎవరి ఖాతాకో ముందుగా పంపాల్సిన పనే ఉండదు. పైగా 2024 మార్చిలో ఈథీరియంలో వచ్చిన డెన్‌కున్ మార్పు తర్వాత, బేస్ లాంటి చౌక నెట్‌వర్కుల మీద ఆ చార్జీ మామూలుగా రూపాయో రెండు రూపాయలో అవుతుంది. 14 వేలు అడిగారంటే ఇంకేం ఆలోచించక్కర్లేదు, బ్లాక్ చేసేయండి.

డబ్బు పోకుండా ఆగింది కానీ ఆమె రెండో ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. "అయితే ఇదంతా మోసమేనా? మాలాంటివాళ్ళకు ఇందులో ఏం లేదా?" అని. ఉంది. కాకపోతే అందరికీ ఒకేలా లేదు. సొంతంగా పాటలు చేసుకునేవాళ్ళ ముందున్న దారులన్నీ పక్కపక్కన పెట్టి, ఎవరికి ఏది పనికొస్తుందో నాకు తెలిసినంతవరకు చెప్తాను.

ముందు ఆ పద్దు సంగతి

ఊళ్ళో అప్పుల పద్దు ఒక్క షావుకారు దగ్గరే ఉంటే, ఆయన ఏం రాస్తే అదే లెక్క. అదే పుస్తకం నకలు నూరు ఇళ్ళలో ఉండి, కొత్త పద్దు రాసిన ప్రతిసారీ అన్నింట్లోనూ పడుతుంటే, ఏ ఒక్కరూ దొంగచాటుగా మార్చలేరు. బ్లాక్‌చెయిన్ అంటే ఇంతే. ఆ పుస్తకంలో లెక్క రాసుకునే డబ్బు క్రిప్టో. మీ పేజీ తాళం వాలెట్. "ఈ పాట 7వ కాపీ ఫలానా వాలెట్‌ది" అని అందులో రాసిన పద్దు ఎన్‌ఎఫ్‌టీ.

ఇక్కడ చాలామంది పొరబడే విషయాలు రెండున్నాయి. మొదటిది, పాట ఫైల్ సాధారణంగా ఆ పుస్తకంలో ఉండదు, వేరేచోట ఉంటుంది. పద్దులో దాని చిరునామా మాత్రమే ఉంటుంది. రెండోది ఇంకా ముఖ్యం. ఎవరు రాశారో ఆ పుస్తకం చెప్తుంది గానీ, రాసినవాళ్ళకు ఆ హక్కు ఉందో లేదో చెప్పదు. 2022 మొదట్లో హిట్‌పీస్ అనే సైట్ ఎందరో సంగీతకారుల పాటలను వాళ్ళకు చెప్పకుండానే ఎన్‌ఎఫ్‌టీలుగా అమ్మకానికి పెట్టింది. కళాకారులు తిరగబడ్డాక మూతపడింది. బ్లాక్‌చెయిన్ దాన్ని ఆపలేదు, మనుషులే ఆపారు.

అందుకే ఏ ప్లాట్‌ఫామ్ గురించి అడగడానికి వచ్చినా నేను ముందు అడిగేది ఒకటే: పాట మీదేనా? సినిమాకు చేసిన పాట రికార్డింగ్ సాధారణంగా ఆడియో కంపెనీ చేతిలో ఉంటుంది, దాన్ని మీరు అమ్మలేరు. కవర్ సాంగ్ సంగతీ అంతే. 2012 కాపీరైట్ సవరణ తర్వాత రచయితకు, సంగీత దర్శకుడికి రాయల్టీలో వాటా హక్కు బలపడింది. ఆ డబ్బు వసూలు చేసిపెట్టే సంస్థ ఐపీఆర్ఎస్. అందులో సభ్యత్వం తీసుకోకుండా టోకెన్ల (ఇలాంటి క్రిప్టో నాణేలు, పద్దుల) వెంట పడుతున్న కుర్రాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఇంటి బావిలో నీళ్ళుండగా ట్యాంకర్ కోసం ఎదురుచూస్తున్నట్టుంటుంది.

పాత దారి: డిస్ట్రిబ్యూటర్, యూట్యూబ్

డిస్ట్రోకిడ్, ట్యూన్‌కోర్ లాంటి డిస్ట్రిబ్యూటర్ ద్వారా పాట స్పాటిఫై, యాపిల్ మ్యూజిక్, జియోసావన్ లాంటి చోట్లకు వెళ్తుంది. పక్కనే మన యూట్యూబ్ ఛానల్. ఈ దారి అందరికీ తెలుసు, లోపాలూ తెలుసు. 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాటకు 12 నెలల్లో 1,000 ప్లేలు దాటకపోతే రికార్డింగ్ రాయల్టీ లెక్కలోకే రాదు. యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. షార్ట్స్ మీద నడిచేవాళ్ళకైతే 90 రోజుల్లో కోటి వ్యూస్.

ఇన్ని షరతులున్నా దీన్ని వదలొద్దనే చెప్తాను. కొత్త శ్రోత దొరికేది ఇక్కడే. తెలంగాణ జానపదం ఇవాళ పల్లె పల్లెనా మోగుతోందంటే యూట్యూబ్ వల్లే. ఏ బ్లాక్‌చెయిన్ వేదికా ఆ పని చేయలేదు, చేస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

ఈ దారికి ఉన్న భయం ఒకటే, తలుపు తాళం మన చేతిలో ఉండదు. రెస్సో అనే పాటల యాప్ 2024 జనవరి ఆఖరుకు మన దేశంలో ఆగిపోయింది. అదే ఏడాది వింక్ మ్యూజిక్ కూడా మూతపడింది. అక్కడ కట్టుకున్న ప్లేలిస్టులు, ఫాలోయర్లు అన్నీ పోయాయి. "మీ శ్రోతలు మీ సొంతం" అని బ్లాక్‌చెయిన్ వాళ్ళు చెప్పే మాటకు బలం వచ్చింది ఇలాంటి చోటే.

ఆడియస్: వినడానికి ఉచితం, డబ్బు మాత్రం టోకెన్ దయ

2019లో మొదలైన ఆడియస్ బ్లాక్‌చెయిన్ మీద నడిచే పాటల వేదిక, చూడ్డానికి సౌండ్‌క్లౌడ్‌లా ఉంటుంది. పాట పెట్టడం ఉచితం, వినడం ఉచితం. మామూలు ఈమెయిల్‌తో ఖాతా తెరవొచ్చు, వాలెట్ గొడవ వెంటనే తగలదు. ఎలక్ట్రానిక్, హిప్‌హాప్, రీమిక్స్ చేసేవాళ్ళు అక్కడ ఎక్కువ. మీ బీట్లు ఇంగ్లిష్ శ్రోతలకు కూడా ఎక్కుతాయనుకుంటే ఒక ఖాతా తెరిచి పెట్టుకోవడంలో నష్టం లేదు.

ప్రోత్సాహకాలు మాత్రం ఆడియో అనే సొంత టోకెన్‌లో ఇస్తుంది. ఆ టోకెన్ 2021 మార్చిలో దాదాపు 5 డాలర్లు పలికింది. 2022 ముగిసేసరికి 20 సెంట్ల లోపుకు పడిపోయింది. ఆ మధ్యలోనే, 2022 జులైలో, ప్రోగ్రామ్‌లో ఉన్న లోపం పట్టుకుని ఒక హ్యాకర్ దాని ఉమ్మడి ఖజానా నుంచి 1.8 కోట్లకు పైగా టోకెన్లు లాగేసుకున్నాడు. వేదిక కోలుకుని నడిచింది, అది మెచ్చుకోవాల్సిందే. కానీ నెలాఖరుకు రూమ్ అద్దె కట్టాల్సిన మనిషి ఈ టోకెన్‌ను ఆదాయంగా లెక్కేసుకోకూడదు. వస్తే వచ్చింది అనుకోవాలి.

పరిమిత కాపీలు: సౌండ్, కేటలాగ్, జోరా

అసలు పోలిక ఇక్కడే చూడాలి. వేలమంది చిల్లర పైసలు ఇచ్చే బదులు, పాతికమందో యాభైమందో ప్రేమతో మంచి ధర ఇచ్చి పాట ఎన్‌ఎఫ్‌టీ కాపీ కొంటారన్నది ఈ పద్ధతి. కేటలాగ్ ఒక పాటకు ఒక్కటే కాపీ అనే పద్ధతిలో నడిచింది. సౌండ్ డాట్ ఎక్స్‌వైజెడ్ 2021 డిసెంబరులో మొదలై, పరిమిత కాపీలు అమ్మింది. కొన్నవాళ్ళు పాటలో తమకు నచ్చిన క్షణం దగ్గర ఒక మాట రాసుకునేవాళ్ళు. ఆ ఆలోచన నాకు చాలా ఇష్టం. రెండో చరణంలో డప్పు మొదలయ్యే చోట అభిమాని పేరు ఉండిపోవడం ఎంత బాగుంటుంది!

డబ్బు సంగతి దగ్గరగా చూద్దాం. మొదటి రోజుల్లో అక్కడ ఒక కాపీ ధర సాధారణంగా 0.1 ఈథర్. 2021 చివర్లో అది దాదాపు 30 వేల రూపాయలు. కళాకారుడు వెంటనే రూపాయల్లోకి మార్చుకుంటే సరే. "ఇంకా పెరుగుతుంది" అని వాలెట్‌లోనే ఉంచుకుంటే, 2022 జూన్ నాటికి అదే 0.1 ఈథర్ విలువ 8 వేల చుట్టూ తిరిగింది. పాట అదే, అభిమాని అదే, చేతికొచ్చింది పావు వంతు. పాట అమ్మడం ఒక పని, క్రిప్టో దాచిపెట్టడం ఇంకో పని. రెండోది మీ వృత్తి కాదు.

తర్వాత ధరలు బాగా దిగొచ్చాయి. 2023లో జోరా లాంటి చోట ఒక్కో కాపీకి 0.000777 ఈథర్ అనే చిన్న రుసుము పద్ధతి వచ్చింది, అంటే నూటయాభై రూపాయల లోపు. కొనేవాళ్ళ సంఖ్య పెరిగింది గానీ, "కొద్దిమంది, మంచి ధర" అన్న మొదటి బలం తగ్గింది. పైగా ఈ వేదికలు ఏడాదికోసారి దారి మార్చుకుంటున్నాయి. జోరా 2025లో కాపీలు వదిలి, ప్రతి పోస్టునూ కొని అమ్ముకునే ఒక నాణెంగా మార్చే పద్ధతికి వెళ్ళింది. కాబట్టి చేరే రోజున ఆ సైట్ ఏం చేస్తోందో మీరే తెరిచి చూసుకోవాలి, పాత వీడియోలు చూసి కాదు.

ఇక "మళ్ళీ అమ్ముడైన ప్రతిసారీ మీకు రాయల్టీ దానంతటదే వస్తుంది" అనే మాట. అందరూ ఎక్కువగా ఆశపడేది దీనికే. నిజానికి ఆ శాతం పద్దులో రాసి ఉన్నా, దాన్ని వసూలు చేయాలా వద్దా అన్నది అమ్మే సైట్ ఇష్టం. పెద్ద మార్కెట్ అయిన ఓపెన్‌సీ 2023 ఆగస్టు ఆఖరు నుంచి దాన్ని తప్పనిసరి చేయడం మానేసింది. కాబట్టి మొదటి అమ్మకం డబ్బే మీ డబ్బు అనుకుని ధర పెట్టండి.

ఈ దారి ఎవరికి? ఇప్పటికే పేరు పెట్టి పిలిచే అభిమానులు కనీసం ఒక యాభైమంది ఉండి, వాళ్ళలో కొందరికైనా వాలెట్ ఉన్నవాళ్ళకు. 2015లోనే ఇమోజెన్ హీప్ అనే బ్రిటిష్ గాయని తన టైనీ హ్యూమన్ పాటను ఈథీరియం మీద అమ్మింది. గ్రామీ గెలిచిన గాయని. అయినా వచ్చింది 133 డాలర్లు. అభిమానులు లేక కాదు, కొనాలంటే ముందు వాలెట్ తెరవాలి, ఈథర్ కొనాలి, దాన్ని అందులోకి పంపాలి. ఒక పాట కోసం ఇన్ని మెట్లు ఎక్కేవాళ్ళు ఎందరుంటారు? ఇప్పుడు మెట్లు తగ్గాయి, కానీ ఫోన్‌పే స్కాన్ చేసినంత తేలిక ఇంకా కాలేదు.

బ్యాండ్‌క్యాంప్‌తో పక్కన పెట్టి చూస్తే

అభిమాని నేరుగా డబ్బిచ్చే పద్ధతికి బ్లాక్‌చెయిన్ తప్పనిసరి కాదు. బ్యాండ్‌క్యాంప్ 2008 నుంచి అదే చేస్తోంది. డిజిటల్ అమ్మకాల మీద 15 శాతం తీసుకుంటుంది, ఏడాదిలో 5,000 డాలర్లు దాటితే 10 శాతం. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన తెలుగువాళ్ళు కార్డుతో కొనేస్తారు, వాలెట్ అనే మాటే రాదు.

చిక్కల్లా ఇక్కడి శ్రోతతోనే. బ్యాండ్‌క్యాంప్ డబ్బు పేపాల్ ద్వారా వస్తుంది. 2021 ఏప్రిల్ నుంచి పేపాల్ మన దేశంలో దేశీయ చెల్లింపులు ఆపేసింది. విదేశాల నుంచి రావడం మాత్రమే కుదురుతుంది. అందుకని నేను సాధారణంగా చెప్పేది: బయటి దేశాల అభిమానులకు బ్యాండ్‌క్యాంప్, ఇక్కడివాళ్ళకు నేరుగా యూపీఐ తీసుకుని ఫైల్ పంపడం. వాట్సాప్‌లో పంపినా సరే. చిన్నగా కనిపిస్తుంది గానీ, మధ్యలో ఎవరూ కమిషన్ కొట్టరు, టోకెన్ ధర పడిపోయిందన్న టెన్షన్ ఉండదు.

మరి ఇలాంటి దారి ఉండగా పరిమిత కాపీల వైపు ఎందుకు వెళ్ళాలి? కొన్నవాళ్ళు "నేను ఈమెను ముందే గుర్తించాను" అని అందరికీ కనిపించేలా చూపించుకోవాలనుకుంటే. లేదా మీ అభిమానుల జాబితా ఏ కంపెనీ మూతపడినా చెరిగిపోకూడదనుకుంటే. ఈ రెండూ లేకపోతే అవసరం లేదు.

వాటాల పంపకం

పాట నలుగురు కలిసి చేస్తారు. రచన ఒకరిది, ట్యూను, గొంతు ఒకరివి, బీట్ ఒకరిది, మిక్సింగ్ నాలాంటివాడిది. పాట ఆడేదాకా అందరూ అన్నదమ్ములే. డబ్బు వచ్చాక ఫోన్లు ఎత్తడం మానేస్తారు. నేను ఈ పనిలో చూసిన మనస్పర్థల్లో ముప్పాతిక వంతు ఇలాంటివే.

స్మార్ట్ కాంట్రాక్ట్ అంటే పద్దు పుస్తకంలో ముందే రాసిపెట్టిన షరతు. రచనకు 25, ట్యూన్, గాత్రానికి 40, బీట్‌కు 20, మిక్సింగ్‌కు 15 అని పెడితే, వచ్చిన ప్రతి పైసా ఆ లెక్కన ఎవరి వాటా వాళ్ళకే చేరుతుంది. ఎవరూ ఎవరినీ అడుక్కోవాల్సిన పని లేదు. స్ప్లిట్స్ లాంటి సాధనాలతో ఇది కష్టం కాదు. బ్లాక్‌చెయిన్‌లో నాకు నిజంగా గౌరవం ఉన్నది ఈ ఒక్క విషయం మీద.

కానీ నిజాయతీగా చెప్పాలంటే, డిస్ట్రోకిడ్, ట్యూన్‌కోర్‌లలో కూడా వాటాలు పంచే సదుపాయం ఉంది. స్ట్రీమింగ్ డబ్బు అలా పంచుకోవచ్చు. మా డప్పు వాయించే అన్నకు వాలెట్ తెరిపించి, పన్నెండు ఇంగ్లిష్ మాటలు (వాలెట్‌ను మళ్ళీ తెరిచే రహస్య తాళం) దాచుకోమని చెప్పడం కన్నా అది సులువు. ఏ దారి పట్టినా వాటాలు ముందు కాగితం మీద రాసి, నలుగురూ సంతకం పెట్టాలి. కోర్టు మెట్లెక్కే పరిస్థితి వస్తే చూపించాల్సింది ఆ కాగితమే.

రాయల్టీ వాటా అమ్మడం

రాయల్ అనే వేదిక సంగతి చూడండి. డీజే బ్లౌ (3LAU) దాని వ్యవస్థాపకుల్లో ఒకరు. 2022 జనవరిలో ర్యాపర్ నాస్ తన రెండు పాటల స్ట్రీమింగ్ రాయల్టీలో వాటాలను అక్కడ అభిమానులకు అమ్మాడు. వినడానికి అద్భుతంగా ఉంటుంది. మన దగ్గర మాత్రం దీన్ని దూరం పెట్టమంటాను. రేపటి ఆదాయంలో వాటా ఇస్తానని జనం దగ్గర డబ్బు తీసుకుంటే, చట్టం దాన్ని పెట్టుబడి పథకంగా చూసే ప్రమాదం ఉంది. లాయర్ రాసిచ్చిన సలహా చేతిలో లేకుండా ఆ జోలికి వెళ్ళకండి.

పన్ను లెక్క

చాలామంది ఇక్కడ దెబ్బతింటారు కాబట్టి కాస్త నిదానంగా. 2022 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో క్రిప్టో, ఎన్‌ఎఫ్‌టీ లాంటి వర్చువల్ డిజిటల్ ఆస్తుల మీద వచ్చే లాభానికి 30 శాతం పన్ను, దానిపై సెస్. మీ మొత్తం ఆదాయం పన్ను పరిమితికి లోపే ఉన్నా ఇది తప్పదు. కొన్న ధర తప్ప ఇంకే ఖర్చూ తీసేయడానికి లేదు. ఒకదాంట్లో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలో సర్దుకోవడానికీ లేదు. 2022 జులై 1 నుంచి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ కూడా ఉంది.

ఒక ఉదాహరణ. 300 రూపాయల కాపీలు 40 అమ్మారు, 12,000 వచ్చాయి. అదే డబ్బు యూపీఐలో వచ్చి ఉంటే మామూలు ఆదాయం. స్టూడియో అద్దె, మిక్సింగ్ ఖర్చు తీసేసి, మిగిలినదాన్ని మీ శ్లాబు ప్రకారం లెక్కేస్తారు. చిన్న కళాకారుల్లో చాలామందికి పన్నే పడదు. టోకెన్‌గా వస్తే మాత్రం, మొత్తం మీద సెస్‌తో కలిపి 31.2 శాతం, అంటే 3,744 రూపాయలు పోవచ్చు అనుకునే ధర పెట్టుకోవాలి. సొంతంగా సృష్టించిన పాట మొదటి అమ్మకాన్ని ఏ పద్దు కింద చూపాలో మీ సీఏతో మాట్లాడి తేల్చుకోండి. తీసుకున్న క్రిప్టోను కొన్నాళ్ళు ఉంచి ఎక్కువకు అమ్మితే, ఆ పెరిగినదాని మీద మళ్ళీ పన్ను. వచ్చిన రోజు తేదీ, ఆనాటి రూపాయి విలువ ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. మార్చి వచ్చాక గుర్తు చేసుకోవడం అసాధ్యం.

క్రిప్టోను రూపాయల్లోకి మార్చే ఎక్స్ఛేంజ్ విషయంలో, 2023 మార్చి నుంచి ఇలాంటి సంస్థలు మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చాయి, ఎఫ్‌ఐయూ (కేంద్ర ఆర్థిక నిఘా విభాగం) దగ్గర నమోదు కావాలి. నమోదైనదాన్నే ఎంచుకోండి. అలాగని డబ్బు అక్కడే వదిలేయకండి. 2024 జులైలో వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజ్ నుంచి 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో దొంగిలించారు. మామూలు ఖాతాదారులు తమ సొమ్ము కోసం ఏడాదికి పైగా ఎదురుచూశారు. వచ్చిందా, రూపాయల్లోకి మార్చామా, బ్యాంకులో వేశామా, అంతే.

మా గాయని ఏం ఎంచుకుంది

ఆమెకు యూట్యూబ్‌లో శ్రోతలున్నారు, ఎక్కువమంది ఊళ్ళవాళ్ళు. కామెంట్లలో అమెరికా, గల్ఫ్ నుంచి పేరుపేరునా పలకరించేవాళ్ళు ఓ ముప్పైమంది కనిపించారు. కూర్చుని లెక్కేశాం. కొత్త పాటలన్నీ యూట్యూబ్‌లో, డిస్ట్రిబ్యూటర్ దగ్గర. రచన తనదే అయిన పాటల కోసం ఐపీఆర్ఎస్‌కు దరఖాస్తు. ఎప్పటినుంచో జనం పాడుకుంటున్న పాటలను మాత్రం "సేకరణ" అనే పెట్టింది, తనవని రాయలేదు. ఆ మాట తానే అంది, నాకు ఎంతో గౌరవం కలిగింది. గల్ఫ్, అమెరికా వాళ్ళకు బ్యాండ్‌క్యాంప్ పేజీ.

బ్లాక్‌చెయిన్ మీద ఒకే ఒక్క పాట, అమ్మ మీద తాను రాసుకున్నది, 30 కాపీలు. వాలెట్ ఉన్నవాళ్ళను ముందే అడిగి, పదకొండు మంది సరేనన్నాకే పెట్టాం. కొత్త వాలెట్ తెరిచినప్పుడు వచ్చే పన్నెండు మాటలను స్క్రీన్‌షాట్ తీయబోతే ఆపాను. ఫోన్ పోతే ఫోటో పోతుంది, ఫోటో ఎవరికైనా దొరికితే వాలెట్ మొత్తం పోతుంది. ఆ మాటలు అడిగే "కస్టమర్ కేర్" ఎక్కడా ఉండదు, ఎవరైనా అడిగారంటే వాడు దొంగే. రూల్డ్ నోట్‌బుక్‌లోంచి కాగితం చింపి, తెలుగు అక్షరాల్లో ఉచ్చారణ, పక్కన ఇంగ్లిష్ స్పెల్లింగ్ రాసుకుంది. రెండుసార్లు పైకి చదివి సరిచూసుకుంది. అలాంటిదే ఇంకో కాగితం రాసి అమ్మగారింట్లో ఉంచుతానంది. మొదటి కాగితాన్ని మడిచి, నలుగురం సంతకాలు పెట్టిన వాటాల ఒప్పందంతో కలిపి, పట్టాదారు పాస్‌బుక్ ఉన్న ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకుంది.